స్టోక్ రోలో కాశీరాజు బాయి

విక్టోరియా రాణి కాలం గురించి పాఠం మొదలైనప్పుడు ఇక్కడ ఇంగ్లండ్‌లో మా అమ్మాయి క్లాసులో పిల్లలు ఇళ్లలోని పాత వస్తువులు తీసుకొచ్చారు. ముత్తాతగారి జేబు గడియారం ఒకరు, రైల్వే దీపం ఒకరు. మా పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా, మనకిక్కడ ఓల్డ్ థింగ్స్ ఏం లేవు కదా" అంది. తొమ్మిదేళ్ల పిల్ల. ఫిర్యాదులా కూడా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ శనివారం పిల్లనీ, పాలమూరు నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మనీ కారెక్కించుకుని స్టోక్ రోకి వెళ్లాను. మేముండే రెడింగ్ నుంచి థేమ్స్ దాటి చిల్టర్న్ కొండలెక్కితే అరగంట దారి. రెండు కార్లు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత ఇరుకు రోడ్లు, రెండు పక్కలా బీచ్ అనే జాతి చెట్లు. చిన్న ఊరు. రోడ్డు పక్కనే ఇనుప స్తంభాల మీద గుండ్రటి గోపురం, దాని కింద యంత్రం మీద బంగారు రంగు ఏనుగు.

"ఇది మన టెంపులా?" అంది పిల్ల.

"గుడి కాదే, బాయి. గిరక సూడు" అంది అమ్మ, దిగీదిగకముందే.

ఇది కాశీరాజు తవ్వించిన బావి. ఆ కొండలన్నీ సుద్దరాయి. ఎంత వాన పడినా నీరు కిందికి ఇంకిపోతుంది, పైనున్న ఊళ్లకు గుంటల్లో నిలిచిన నీళ్లే దిక్కు. ఆ ప్రాంతంవాడే అయిన ఎడ్వర్డ్ రీడ్ అనే అధికారి ఉత్తర భారతంలో పనిచేస్తూ 1831లో ఆజంగఢ్ వైపు ఓ ఊరికి బావి తవ్వించాడు. తన ఊరి కష్టాన్ని కూడా కాశీరాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పాడు. ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్లు తాగేశాడని ఓ తల్లి పిల్లవాణ్ని కొట్టిందన్న కథ అందులో ఉంది. రాజు అది మరిచిపోలేదు. 1863లో తవ్వకం మొదలుపెట్టించి, 1864 మే 24న, రాణి పుట్టినరోజున, బావిని ఊరికిచ్చాడు. చేత్తో తవ్విన బావి, లోతు 368 అడుగులు. నీళ్లకు ఎవరూ పైసా ఇవ్వాల్సిన పని ఉండేది కాదు. ఖర్చులకు పక్కనే చెర్రీ తోట వేయించి దానికి ఈశ్రీ బాగ్ అని పేరు పెట్టారు, కాపలా ఉండేవాళ్లకు చిన్న ఇల్లు కట్టారు.

అమ్మ లోతు విని వేళ్ల మీద లెక్కేసుకుంది. "అరవై నిలువులు! మా బాయి ఎనిమిది నిలువులకే ఎండిపాయె." ఆ బావిని పూడ్చేసినప్పుడు నేను చిన్నదాన్ని. తర్వాత వేసిన రెండు బోర్లూ పడలేదు. ఇదంతా పిల్లకు నేనెప్పుడూ చెప్పలేదు. అమ్మ చెప్పింది, ఊచలు పట్టుకుని, గంటసేపు. బొక్కెన, చాంతాడు, ఒర. నీళ్లకోసం తెల్లారుజామున లేవడం. ఎండాకాలం రోడ్డు పక్కన పందిరేసి, కుండల కింద తడి ఇసుక పోసి పెట్టే చలివేంద్రం. "దారినపోయేటోనికి పేరడుగుతరా బిడ్డా? దూప అంటే నీళ్లు పోస్తరు. గీ రాజు గదే జేసిండు."

1964లో బావికి నూరేళ్లు నిండినప్పుడు ఎలిజబెత్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ వచ్చారనీ, గంగనీళ్లు తెచ్చి ఈ నీళ్లలో కలిపారనీ చెబితే అమ్మ చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. నేనూ పెట్టాను.

తిరుగుదారిలో పిల్ల అడిగింది, తెలుగు రాజులెవరూ ఇలా ఇవ్వలేదా అని. ఇచ్చారు. విజయనగరం మహారాజు 1867లో లండన్ హైడ్ పార్కులో తాగునీటి ఫౌంటెన్ కట్టించారు. ఇప్పుడది లేదు. "అంటే చలివేంద్రమే కదా!" అంది వెనక సీటులోంచి.

ఈ దేశంలో పిల్లల్ని తీసుకెళ్లడానికి కోటలూ రాజభవనాలూ కొల్లలు. మేమూ చూశాం. కానీ ముందు ఇలాంటి చోట్లకు తీసుకెళ్లమంటాను. బ్రైటన్ పక్క కొండల మీద ఛత్రీ ఉంది, మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడ చనిపోయిన హిందూ, సిక్కు సైనికులకు దహనం చేసిన చోట 1921లో తెరిచిన పాలరాతి మండపం. గడ్డిలో నడిచి వెళ్లాలి. పిల్ల కొంచెం పెద్దదయ్యాక వెళ్దామనుకుంటున్నాం.

సోమవారం బడికి బావి బొమ్మ వేసి తీసుకెళ్లింది. బాణాలు గీసి గిరక, ఒర అని తెలుగులో రాసింది, బొక్కెనలో 'క' వత్తు మరిచిపోయి. వచ్చే శనివారం తన స్నేహితురాలు కూడా వస్తానంటోందట. పాప ఆమెకు అప్పుడే ఓ మాట నేర్పేసింది: బాయి.