ఓ నెగటివ్: కడుపులో బిడ్డకు రక్తం ఎక్కించుకున్న నా అనుభవం

నాది ఓ నెగటివ్, మా ఆయనది ఓ పాజిటివ్. పెళ్లికి జాతకాలు చూశారు గానీ ఇది ఎవరూ చూడలేదు. చూసినా ఆపాల్సిన పని లేదు, వేళకు ఒక సూది పడితే సరిపోతుంది. పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఆ సూది వేశారు. యాంటీ-డి అంటారు, కాన్పయిన 72 గంటల లోపు వేయాలి. తర్వాత ఇంకో గర్భం మూడో నెలలో పోయింది. ఒక చిన్న నర్సింగ్ హోంలో క్లీన్ చేసి సాయంత్రానికి ఇంటికి పంపేశారు. డిశ్చార్జి కాగితం మీద నా గ్రూపు రాశారు, సూది మాత్రం వేయలేదు. గర్భం పోయినప్పుడు కూడా అది పడాలని మాకేం తెలుసు? తెలిసినవాళ్లు చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

మళ్లీ నెల తప్పినప్పుడు సచివాలయం ఏఎన్‌ఎం నన్ను 9వ తేదీ చెకప్‌కు తీసుకెళ్లింది. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ప్రత్యేకంగా చూసే పథకం 2016 నుంచి ఉంది. అక్కడి డాక్టరమ్మ నా గ్రూపు చూడగానే ఐసీటీ అనే రక్తపరీక్ష రాసింది. పాజిటివ్ వచ్చింది. తల్లీబిడ్డ కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటించారు. అంటే హై రిస్క్.

జరిగిందేమంటే, అంతకుముందు కడుపులో ఉన్న బిడ్డ పాజిటివ్ రక్తం ఎప్పుడో నా రక్తంలో కలిసింది. నా ఒంట్లో దానికి విరుగుడు తయారైంది. అదిప్పుడు మాయ దాటి వెళ్లి ఈ బిడ్డ ఎర్ర కణాలను విరగ్గొడుతుంది. ఒకసారి తయారయ్యాక యాంటీ-డి వేసినా లాభం లేదు. ఆ విరుగుడు ఎంత ఉందో చెప్పే టైటర్ నాకు 1:64. 1:16 లేదా 1:32 దాటితే బిడ్డను కనిపెట్టుకుని ఉండాలట.

కనిపెట్టుకుని ఉండడమంటే స్కానింగే. తిరుపతిలో ఫీటల్ మెడిసిన్, అంటే కడుపులో బిడ్డల వైద్యం చదివిన డాక్టరు దగ్గరికి వారం వారం వెళ్లేదాన్ని. ప్రతిసారీ ఫామ్ ఎఫ్ నింపాలి, ఆడో మగో తెలుసుకోబోనని సంతకం పెట్టాలి. చివరికి ఆధార్ నంబరు నోటికొచ్చేసింది. ఆయన చూసేది బిడ్డ మెదడులోని ఒక రక్తనాళాన్ని. రక్తం పలచబడేకొద్దీ దాంట్లో వేగంగా పరుగెడుతుందట. బిడ్డకు సూది గుచ్చకుండానే రక్తహీనత పట్టేసే పద్ధతి ఇది. మా ఇంట్లో ఆ వేగం అంకె తప్ప వేరే మాట లేదు. ఇరవై నాలుగో వారంలో 41, ఫరవాలేదన్నారు. ఇరవై ఆరో వారంలో 54. ఆ వారానికి 50 దాటకూడదు.

"కడుపులోనే రక్తం ఎక్కించాలమ్మా, వేలూరు సీఎంసీ ఆసుపత్రికి రాస్తాను" అన్నారు డాక్టరు.

మా అత్తకు చెబితే, "ఏమ్మే, కడుపులో ఉండే బిడ్డకి రగతం ఎక్కించేదేంది? యాడన్నా ఉందా?" అంది. ఉంది. 1963లో న్యూజిలాండ్‌లో లైలీ అనే డాక్టరు మొదలుపెట్టాడు. ఈ మాట నాకు డాక్టరు చెప్పారు, నేను అత్తకు చెప్పాను. అరవై ఏళ్ల పాతది అనేసరికి ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. వేలూరు పేరు కూడా కలిసొచ్చింది. చిత్తూరు వైపు ఎవరికి పెద్ద జబ్బు చేసినా పోయేది అక్కడికే కదా. ఐడా స్కడ్డర్ అనే ఆవిడ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన చోటు అది. ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పు కష్టమై చనిపోవడం చూసి ఆవిడ డాక్టరయిందని చెబుతారు.

అసలు కష్టం రక్తం దగ్గర. బిడ్డకు ఎక్కించేది ఓ నెగటివే అయి ఉండాలి, అదీ తాజాది. నా రక్తంతో సరిచూడాలి, చిక్కగా చేయాలి, రేడియేషన్ పెట్టాలి. మన దేశంలో నూటికి అయిదారుగురికి మించి నెగటివ్ వాళ్లు ఉండరు, అందులో ఓ గ్రూపు ఎందరు? మా ఆయన రేణిగుంటలో కంపెనీ వాళ్లను, కాలేజీ పిల్లల వాట్సాప్ గ్రూపులను, ఎవరెవరినో అడిగాడు. పాకాల నుంచి ఒక ఆటో డ్రైవరు, చిత్తూరులో ఒక మామిడికాయల మండీ గుమస్తా వచ్చారు. బస్సు చార్జీలు కూడా తీసుకోలేదు.

వేలూరులో రక్తం ఎక్కించిన రోజు నాకు మత్తివ్వలేదు, పొట్ట మీద సూది గుచ్చే చోట మాత్రం తిమ్మిరెక్కించారు. ఒకవేళ అప్పటికప్పుడు బిడ్డను బయటకు తీయాల్సి వస్తే ఊపిరితిత్తులు తట్టుకోవాలని ముందే నాకు స్టెరాయిడ్ సూదులు వేశారు. డాక్టరమ్మ స్కానింగ్ తెర చూస్తూ సూదిని బొడ్డుతాడు మాయలో కలిసే చోటికి పోనిచ్చింది. మొదట బిడ్డ కదలకుండా ఉండేందుకు మందు. తర్వాత ఒక చుక్క రక్తం తీసి మిషన్‌లో పెట్టారు. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్ర కణాల వంతు, నూటికి 22. ముప్పై కంటే తక్కువైతే బాగా తగ్గినట్టే. అప్పుడు మెల్లగా ఎక్కించారు. ఎంత అనుకున్నారు? 40 మిల్లీలీటర్లు కూడా లేదు, కాఫీ గ్లాసులో సగానికి సగం. దానికే బిడ్డ హెమటోక్రిట్ 42కు వెళ్లింది.

నొప్పి భరించలేనిదేమీ కాదు. తర్వాత గంటలే భరించలేకపోయాను. ఆ మందు వల్ల రెండు మూడు గంటలు బిడ్డ కదలదని ముందే చెప్పారు. చెప్పినా సరే, పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. పక్క మంచం మీద ఒక గుడియాత్తం ఆమె. సగం తమిళం, సగం తెలుగులో "నాకూ అంతే అమ్మా, ఇడ్లీ తిన్నాక తన్నింది" అంది. నేనూ ఇడ్లీ తెప్పించుకున్నాను. ఇడ్లీకో, మందు దిగిపోవడానికో గానీ కదిలింది.

ఎక్కించిన రక్తం కూడా రోజూ కొంచెం తగ్గుతూ ఉంటుంది. అందుకని మళ్లీ రెండు వారాలకు, ఆపైన మూడేసి వారాలకు. కాట్పాడి రైలు, పెద్దమ్మాయి మా అమ్మ దగ్గర, ఖర్చుకు నా గొలుసు బ్యాంకులో. ముప్పై అయిదో వారం తర్వాత ఇక ఎక్కించరు, బయటికి తీసి చూసుకోవడమే మేలట. ముప్పై ఏడో వారంలో కాన్పు చేశారు. పాప.

పుట్టగానే గ్రూపు చూస్తే ఓ నెగటివ్! "తల్లి గ్రూపే వచ్చింది, ఇంత అగచాటు ఎందుకు పడినట్టు?" అని అత్త నెత్తి కొట్టుకుంది. పిల్లల డాక్టరు నవ్వాడు. పాప ఒంట్లో అప్పుడు తిరుగుతున్నదంతా దాదాపు ఆ దాతల రక్తమేనట. నిజంగానే, నెలలు గడిచాక మళ్లీ చూపిస్తే ఓ పాజిటివ్ అని వచ్చింది.

పుట్టాక అయిపోయిందనుకోకండి, మాకు ఈ సంగతి ముందుగా ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. కామెర్లకు నీలం లైటు కింద పెట్టారు, అది కొన్ని రోజులే. కానీ బయటి రక్తం మీద బతికిన బిడ్డ ఎముకల మజ్జ సొంతంగా రక్తం చేయడం మరిచినట్టే ఉంటుంది. నా విరుగుడు కూడా దాని ఒంట్లో కొన్ని వారాలు మిగిలి ఉంటుంది. బిడ్డ చూడ్డానికి బాగానే ఉంటుంది, పాలు తాగడం మాత్రం తగ్గిస్తుంది. తిరుపతిలో వారం వారం హిమోగ్లోబిన్ చూపించాం. నెలన్నరకు 7కు పడిపోతే ఒకసారి ఎక్కించారు. ఆ తర్వాత దానంతటదే పెరిగింది.

ఇంకో కాన్పయితే ఇది ఇంతకంటే ముందే, ఇంతకంటే గట్టిగా మొదలవుతుందని వేలూరులో చెప్పారు. ఇద్దరు పిల్లలు చాలనుకుని ఆపరేషన్ అక్కడే చేయించుకున్నాను.