ఒరిజినల్స్ ఇవ్వనన్నాను: బెంగళూరులో నా మొదటి నర్సు ఉద్యోగం

"నర్సింగ్ చదివిన పిల్లకేం, ఎక్కడికెళ్ళినా పిలిచి ఉద్యోగం ఇస్తారు" అని పెళ్ళిచూపుల్లో మా అత్తగారి తరఫు పెద్దాయన ఒకరు సెలవిచ్చారు. ఆయన్ని ఓ పూట నాతోపాటు వాక్-ఇన్ ఇంటర్వ్యూ లైన్లో నిలబెట్టాలని ఉంది. అపాయింట్‌మెంట్ లెటర్ నిన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది పలాస దగ్గర పల్లెటూరు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళూ మన జిల్లాలోనే చదివాను. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో కాబట్టి పెళ్ళవగానే మకాం ఇక్కడికి మారింది. అనుభవం ఏముంది అంటే ఇంటర్న్‌షిప్, క్లినికల్ పోస్టింగులు, అంతే.

కాగితాల పని అందరూ భయపెట్టినంత లేదు. ఆంధ్రాలో ఆర్ఎన్, ఆర్ఎం (నర్సు, మిడ్‌వైఫ్) రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు విజయవాడలోని మన నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తీసుకుని, కర్ణాటక కౌన్సిల్‌లో మళ్ళీ నమోదు చేయించుకోవాలి. ఊరు వదలకముందే మొదలుపెట్టండి. మార్కుల లిస్టులు, ట్రాన్‌స్క్రిప్టులు కూడా అప్పుడే తీసుకోండి, ఎందుకంటే కాలేజీ గుమస్తా ఎదురుగా కూర్చుంటే కదులుతాడు గానీ ఫోనుకి కదలడు. నా కాగితాలు మా నాన్న జీడిపప్పు పొట్లం పట్టుకెళ్ళాకే కదిలాయి. జీడిపప్పు పండే ఊళ్ళో పుట్టినందుకు ఆ మాత్రం ఉపయోగం ఉంది మరి. బీఎల్ఎస్ (గుండె ఆగినవాళ్ళకి చేసే ప్రాథమిక ప్రాణరక్షణ) కోర్సు కూడా చేసేయండి. సర్టిఫికెట్ రెండేళ్ళు చెల్లుతుంది, ఫ్రెషర్ బయోడేటాలో ఆ ఒక్క లైనైనా చూస్తారు.

ఇక అసలు సంగతి. ఆ ఆసుపత్రి పేరు రాయను. మెయిన్ రోడ్డు మీద అద్దాల బిల్డింగు, కింద కాఫీ షాపు, నూట యాభై పడకల పైమాటే. పొద్దున్నే రమ్మంటే వెళ్ళాను. మెట్ల పక్కన సందులో పాతికమందిమి. కుర్చీలు నాలుగు. రోగుల కుర్చీల్లో కూర్చోవద్దని సెక్యూరిటీ అతను రెండుసార్లు వచ్చి చెప్పిపోయాడు.

ముందు నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ గారి దగ్గర పరీక్ష. ఇది మాత్రం గొప్పగానే చెప్పుకుంటాను. "ఐదొందల ఎంఎల్ ఎన్ఎస్ సెలైన్, ఎనిమిది గంటల్లో పోవాలి, సెట్ ఇరవై డ్రాప్స్‌ది. నిమిషానికి ఎన్ని?" అన్నారు. నా ముందున్న అబ్బాయి ఫోను తీయబోతే వద్దన్నారు. ఒక ఎంఎల్‌కి ఇరవై చుక్కలు కాబట్టి ఐదొందల్ని ఇరవైతో హెచ్చవేసి నాలుగొందల ఎనభై నిమిషాలతో భాగించడమే కదా, నోటితోనే ఇరవై ఒకటి అని చెప్పేశాను. తర్వాత ప్లాస్టిక్ చేతికి ఐవీ సూది పెట్టమన్నారు. ముసలమ్మ చెయ్యి అనుకోమన్నారు కాబట్టి ఇరవై గేజ్ పింక్ వదిలేసి అంతకన్నా సన్నగా ఉండే ఇరవై రెండు నీలం తీసుకున్నాను. "పొటాషియం క్లోరైడ్ నేరుగా పుష్ చేస్తావా?" అంటే "ప్రాణం పోతుంది మేడమ్, డైల్యూట్ చేసి మెల్లగా ఇవ్వాలి" అన్నాను. ఆవిడ నా కాగితం మీద టిక్కు పెట్టి హెచ్ఆర్‌కి పంపారు. ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాను.

హెచ్ఆర్ అతనికి నా వయసే ఉంటుంది. మొదటి ప్రశ్న పెళ్ళయిందా అని. రెండోది, పిల్లలెప్పుడు అని. రెండేళ్ళదాకా ప్లాన్ చేయనని రాసిస్తారా అన్నాడు. 2017 నుంచి ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు చట్టంలో ఉంది, అది వద్దని ఎవరూ ఎవరి చేతా రాయించుకోలేరు. ఆ సమయానికి నాకు నోరు రాలేదు, ఉద్యోగం కావాలిగా. నవ్వి ఊరుకున్నాను. మూడు నెలలు ట్రైనీగా తొమ్మిది వేలు, తర్వాత పదమూడు వేలు అన్నాడు. దానికీ తల ఊపాను.

అప్పుడు ఓ ట్రే ముందుకు తోశాడు. "ఒరిజినల్స్ ఇందులో పెట్టండి. రెండేళ్ళ బాండ్. మధ్యలో మానేస్తే లక్ష కట్టి తీసుకెళ్ళాలి." జిరాక్సులు ఇస్తాను, ఒరిజినల్స్ మీరు చూసి ఇచ్చేయండి అన్నాను. అతను పక్క సీటు అమ్మాయివైపు తిరిగి, ఆంధ్రా సర్టిఫికెట్లు నిజమైనవో కావో ఎవరికి తెలుసు, అందుకే ఇవ్వడానికి భయం అని కన్నడంలో అన్నాడు. నాకు కన్నడం రాదనుకున్నాడు. మాట్లాడ్డం రాదు గానీ ఆ మాత్రం అర్థమవుతుంది. తలుపు తెరిచే ఉంది, బయట లైనంతా విన్నది. చెవులు వేడెక్కిపోయాయి. ఆలోచించుకుని చెప్పమని బయట కూర్చోబెట్టి తను భోజనానికి వెళ్ళిపోయాడు.

పక్కనున్న కొల్లం అమ్మాయి, "ఇవ్వకు, మా అక్కవి ఇలాగే ఇరుక్కుపోయాయి" అంది. ఇంకో సంగతీ చెప్పింది. 2016లో సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాల మీద సిఫార్సులు చేసింది. వంద పడకలు దాటిన ఆసుపత్రిలో జీతం ప్రభుత్వ నర్సు జీతం కన్నా పది శాతానికి మించి తగ్గకూడదు. యాభై పడకల లోపు ఉన్నవైనా కనీసం ఇరవై వేలు ఇవ్వాలి. సిఫార్సే, అమలు రాష్ట్రాల దయ. నాలుగేళ్ళు చదివిన నాకు ఈ ముక్క కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు. కేరళ పిల్లలకి తెలుస్తుంది, ఎందుకంటే వాళ్ళ అక్కలు రోడ్డెక్కి సమ్మెలు చేశారు. మనం మాత్రం క్యాప్ సరిగ్గా పెట్టుకోవడం దగ్గరే ఆగిపోయాం.

అతను తిరిగొచ్చేదాకా ఉండలేదు. ఫైలు తీసుకుని నేరుగా మేట్రన్ గారి దగ్గరికెళ్ళి, "పరీక్ష పాసయ్యాను మేడమ్, సర్టిఫికెట్లు తాకట్టు పెట్టలేను" అని చెప్పి వచ్చేశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఇంటికొస్తే మా ఆయన, "ఇచ్చేస్తే పోయేదిగా, ఎవరు తినేస్తారు" అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో మాటల్లేవు.

తర్వాత ఇంకొన్ని ఆసుపత్రులు తిరిగాను. కొందరు ఇక్కడి రిజిస్ట్రేషన్ వచ్చాక రమ్మన్నారు, కొందరు అనుభవం లేదన్నారు. చివరికి కాలేజీ సీనియర్ అక్క ఒకావిడ కె.ఆర్.పురం వైపు చిన్న ఆసుపత్రి చెప్పింది. అక్కడికి కోలారు, చింతామణి, మదనపల్లె నుంచి రోగులు వస్తారు, సగం మంది మాట్లాడేది తెలుగే. ఇన్‌ఛార్జ్ సిస్టర్ నన్ను ఫిమేల్ వార్డులోకి తీసుకెళ్ళి, షుగర్ ఎక్కువై చేరిన ఒకామెకి ఇన్సులిన్ ఎప్పుడు, ఎక్కడ వేసుకోవాలో చెప్పమన్నారు. ఆ అమ్మ నా మాటంతా విని, "మాది మదనపల్లె, నీదెక్కడమ్మా, యాస వేరేగా ఉందే" అంది. ఇంటర్వ్యూ అంతే. ఒరిజినల్స్ చూసి, అక్కడికక్కడే తిరిగిచ్చేశారు.

జీతం పద్దెనిమిది వేలు. కమిటీ చెప్పిన ఇరవైకి తక్కువే, నాకూ తెలుసు. ఇరవై ఒక్క వేల లోపు కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వస్తుంది. మీరు చేరేటప్పుడు పీఎఫ్, ఈఎస్ఐ, వారానికి ఆఫ్, నైట్ తర్వాత ఆఫ్, ఇవన్నీ లెటర్లో రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. నా లెటర్లో నైట్ ఆఫ్ సంగతి లేదు. సోమవారం ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగి, పెన్నుతోనైనా సరే, రాయించుకుంటాను.