మేరీపోర్ట్ బలిపీఠాలు గుంతల్లోకి ఎలా చేరాయి

ఇంగ్లండ్ వాయవ్యాన, కార్లైల్‌లో కంబ్రియా తీరం వెంట పోయే రైలెక్కి మేరీపోర్ట్‌లో దిగాను. స్టేషన్ నుంచి సెన్‌హౌస్ రోమన్ మ్యూజియం నడిచేంత దూరమే, కానీ చివర ఎక్కుడు, పైన సముద్రపు గాలి విసురుతుంది. తిరుగు రైలు వేళ ముందే చూసుకోవాలి. మ్యూజియం భవనం 1885లో నౌకాదళ రిజర్వు సిబ్బందికి ఫిరంగి శిక్షణ ఇవ్వడానికి కట్టింది. పక్క పొలంలోనే అలౌనా అనే రోమన్ సైనిక కోట.

లోపల వరసగా ఆ కోట సైనికులు దేవుళ్లకు నిలిపిన ఇసుకరాతి బలిపీఠాలు. ఎదురుగా నిలబడి ఫ్లాష్‌తో ఫొటో తీస్తే అక్షరాల గాడుల్లో నీడ చచ్చిపోయి రాయంతా చదునుగా పడుతుంది. సిబ్బందిని అడిగి, టార్చిని రాతి ముఖానికి ఓ పక్క నుంచి బాగా ఏటవాలుగా పట్టాలి. అప్పుడు అరిగిన గీతలూ లేచొస్తాయి. పై భాగంలో నైవేద్యం పెట్టే చిన్న గుంట కూడా చూడండి.

చదవడానికి లాటిన్ పండితులు కానక్కర్లేదు, క్రమం పట్టుబడితే చాలు. మొదట ఐ, ఓ, ఎం అనే మూడక్షరాలు: సర్వోత్తముడైన జూపిటర్‌కు. తర్వాత పటాలం పేరు, ఉదాహరణకు ఒకటో హిస్పానియా కోహోర్ట్ (కోహోర్ట్ అంటే రోమన్ సైన్యపు పటాలం). ఆ తర్వాత దాని అధిపతి పేరు, హోదా. ఆఖరున 'నిలిపాడు' అనో, 'మొక్కు తీర్చుకున్నాడు' అనో ముక్తాయింపు, అదీ పొడి అక్షరాల్లో. తికమక పెట్టేది రెండక్షరాలను కలిపి చెక్కిన చోట. యు, వి రెంటికీ ఒకే గుర్తు అన్నదీ గుర్తుంచుకోవాలి.

ఆ పటాలానికి అధిపతిగా ఉన్న మార్కస్ మేనియస్ అగ్రిప్పా పేరున్న రాయి దగ్గర ఎక్కువసేపు ఆగాల్సిందే. ఇతని సొంతూరు ఇటలీలోని కమెరినమ్. అక్కడి శాసనం ఇతన్ని రోమన్ చక్రవర్తి హేడ్రియన్ స్వయంగా ఎంచి బ్రిటన్ దండయాత్రకు పంపాడని చెబుతుంది. ఒకే మనిషి ఇటు సముద్రపు అంచున, అటు సొంతూళ్లో రాతి మీద దొరకడం చిన్న విషయం కాదు.

ఇక నాకు కోపం తెప్పించేది పాత కథనం. 1870లో కోట బయట గుంతల్లో 17 బలిపీఠాలు బయటపడ్డాయి. ఏటా జనవరిలో కొత్తది నిలిపి, పాతదాన్ని భక్తిగా పూడ్చేవారని చాలాకాలం నమ్మారు. చెక్కడం అరగకుండా ఉండటం అందుకు ఆధారం. ఇప్పటికీ ఇదే రాసేస్తుంటారు. 2011 నుంచి న్యూకాజిల్ విశ్వవిద్యాలయం తరఫున ఇయాన్ హేన్స్, టోనీ విల్మాట్ అక్కడే తిరిగి తవ్వితే వేరే సంగతి తేలింది. ఆ గుంతలు తర్వాతి కాలపు ఓ భారీ చెక్క కట్టడం స్తంభాలవి. స్తంభం కదలకుండా చుట్టూ రాళ్లు దట్టించేటప్పుడు బలిపీఠాలనూ కుక్కేశారు. అమరావతి స్తూపం పలకల్ని కట్టుబడికి వాడుకున్నది తెలిసిన మనకు ఇది నమ్మలేనిదేం కాదు. 2012లో ఇంకోటి దొరికింది, బేటేసియన్లు అనే తెగ పేరున్న పటాలం అధిపతి అట్టియస్ ట్యూటర్ నిలిపినది.

మ్యూజియం పక్కనున్న పరిశీలన బురుజు ముందే ఎక్కండి. పైనుంచి కోట గట్ల వరస తెలిస్తే, లోపలి రాళ్లు ఏ పటాలాలవో, ఎక్కడ నిలబడ్డాయో ఊహించుకోవడం తేలిక.