పడుతున్న ఐటీ షేరును ఎప్పుడు, ఎన్ని విడతల్లో కొనాలి

2022 జనవరిలో ఇన్ఫోసిస్ షేరు 1,950 రూపాయలు తాకింది. 1,560కి దిగగానే ‘20 శాతం తగ్గింది, ఇంకెంత పడుతుంది’ అని ఉన్నదంతా పెట్టేసినవాళ్లు, 2023 ఏప్రిల్‌లో 1,200 దిగువ ధరనూ చూడాల్సి వచ్చింది. అప్పటికి కొనడానికి చేతిలో డబ్బు లేదు.

ఆ ఏడాది జరిగింది వరసగా చూడండి. ఏప్రిల్ 13న కంపెనీ ఆదాయ వృద్ధి గైడెన్స్ (రాబోయే ఏడాదికి తానే చెప్పే అంచనా) 4–7 శాతం అంది. 17న మార్కెట్ తెరిచాక షేరు ఒక్కరోజులో 9 శాతానికి పైగా పడింది. జులైలో గైడెన్స్‌ను 1–3.5కి కోశారు, మళ్లీ గట్టి దెబ్బ. అక్టోబరులో 1–2.5 అన్నారు. ఈ రెండో కోతకు షేరు ముందటిలా కూలలేదు. నేను నమ్మే గుర్తు ఇదే: చెడ్డ వార్త వచ్చినా ధర పెద్దగా చలించకపోవడం. ఏప్రిల్ ధర కన్నా అప్పుడు కొంత ఎక్కువే పెట్టాల్సి వచ్చేది. పెట్టొచ్చు, ఎందుకంటే అప్పటికి చాలా సంగతులు తేలిపోయాయి.

అందుకే విడతల్ని ధరతో ముడిపెట్టకండి. 5 శాతం పడిన ప్రతిసారీ ఇంకొన్ని కొని యావరేజ్ (సగటు ధర తగ్గించడం) చేస్తూ పోతే నాలుగైదు వారాల్లోనే డబ్బయిపోవచ్చు. లక్ష ఉంటే 20 వేల చొప్పున అయిదు భాగాలు చేసి, రెండు కొనుగోళ్ల మధ్య కనీసం ఒక క్వార్టర్ (మూడు నెలల) రిజల్ట్స్ ఉండేలా చూసుకోండి. 1,400కి 14, 1,250కి 16, 1,300కి 15 షేర్లు కొంటే సగటు సుమారు 1,313. ఇంకా 40 వేలు మిగిలే ఉంటాయి. రిజల్ట్స్ మర్నాడు ఉదయం 9:15కి, మార్కెట్ తెరవగానే, మార్కెట్ ఆర్డర్ (ఆ క్షణాన ఎంత ధర ఉంటే అంతకు కొనేది) పెట్టొద్దు. మొదటి గంట పోనిచ్చి లిమిట్ ఆర్డర్ (మీరు చెప్పిన ధర మించకుండా కొనేది) పెట్టండి. అప్పు తీసుకునో, బ్రోకర్ ఇచ్చే మార్జిన్ (షేర్లు కొనడానికిచ్చే అప్పు) మీదో కొంటే ఈ ఓపిక సాధ్యం కాదు. వడ్డీ రోజూ నడుస్తుంది, ధర ఇంకా పడితే బ్రోకరే అమ్మేస్తాడు.

ప్రతి విడతకు ముందు రిజల్ట్స్‌లో మూడు చూడాలి: మారకపు రేటు ప్రభావం తీసేసిన ఆదాయ వృద్ధి, ఆపరేటింగ్ మార్జిన్ (ఆదాయంలో నిర్వహణ ఖర్చులు పోగా మిగిలే శాతం), కొత్త డీల్స్ విలువ. మూడూ వరసగా రెండు క్వార్టర్లు తగ్గితే తర్వాతి విడత ఆపేయండి. పీఈ (షేరు ధర, ఒక్కో షేరుపై వచ్చే లాభానికి ఎన్ని రెట్లు) తక్కువగా ఉందన్న ధైర్యం చాలదు, లాభం తగ్గితే అదే ధరకు పీఈ మళ్లీ పెరుగుతుంది.

అమెరికా నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కోను మరిచిపోవద్దు. 2000 మార్చిలో 80 డాలర్లున్న షేరు 2002లో 10 డాలర్ల లోపుకు వచ్చింది. కంపెనీ నిలబడింది, లాభాలూ వచ్చాయి. అయినా 20 ఏళ్ల తర్వాత కూడా షేరు పాత ధరను చేరలేదు.

హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఐటీ ఉద్యోగం చేస్తున్నవాళ్లయితే అయిదు విడతల్ని మూడుకు కుదించండి. ఆ రంగం దెబ్బతింటే మీ జీతం, కంపెనీ ఇచ్చిన షేర్లు, మీరు కొన్నవీ ఒకేసారి ఇరుకున పడతాయి. మిగిలిన 40 వేలు ఇంటి ఖర్చుల నిధిలో ఉండనివ్వండి.