పొట్టకి సంచి లేదు, మాట మాత్రం మిగిలింది

నాకున్న జబ్బు క్రోన్స్. చిన్నపేగు వెళ్ళి పెద్దపేగులో కలిసే చోట వాచి, పుండ్లు పడి, దారి సన్నబడిపోయింది. అన్నం తిన్న కాసేపటికే కుడివైపు మెలిపెట్టే నొప్పి, ఆపైన వాంతులు. మొదట చూసిన డాక్టరు టీబీ అన్నాడు. ఆర్నెల్లు మందులు మింగితే మూత్రం నారింజ రంగులోకి మారింది కానీ నొప్పి తగ్గలేదు. పేగు టీబీకీ దీనికీ తేడా పట్టడం బయాప్సీ చేసినా కష్టమేనట, సరే. "మాత్రలు ఎగ్గొడుతున్నావేమో" అన్నాడు చూడండి, దానికి మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాత హైదరాబాదులో అసలు పేరు తెలిసింది. స్టెరాయిడ్లు, ఒంట్లో రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ మాత్రలు వాడాను. కానీ పేగు అప్పటికే మచ్చకట్టి గట్టిపడింది, మచ్చని మందులు కరిగించలేవు. ల్యాపరోస్కోపీతో ఆ ముక్క తీసేసి రెండు కొసలూ కలుపుతామని, అతుకు మీద నమ్మకం లేకపోతే కొన్నాళ్ళు మలం బయటికి పోయేలా పొట్టకి సంచి పెట్టాల్సి రావచ్చని సర్జన్ బొమ్మ గీసి మరీ చెప్పారు.

ఆ సంచి మాట మా అత్తయ్య చెవిన పడింది. ఆపరేషన్ ముందురోజు మంచం పక్కన కూర్చుని, "సంచితో బతికే బతుకేం బతుకమ్మా, మావాడిది ఇంకా చిన్న వయసు" అంది. మా ఆయన అక్కడే ఉన్నాడు. నోరు మెదపలేదు.

మెలకువ రాగానే పొట్ట తడుముకున్నాను. బొడ్డు దగ్గర ఒక కట్టు, అటూ ఇటూ చిన్న ప్లాస్టర్లు, అంతే. ఏడ్చేశాను.

మూడో రాత్రి జ్వరం వచ్చింది. గుండె దడదడ, పొట్ట బిర్రుగా ఉంది. డ్యూటీ డాక్టరు తలుపు బయట ఫోన్‌లో "లీకేమో సర్" అనడం వినబడింది. అతుకు విడితే లోపల చీము పట్టొచ్చని, మళ్ళీ కోయాల్సి రావచ్చని నాకు తెలుసు. స్కానింగ్‌కి తోసుకెళ్తుంటే, సంచి పెడితే పెట్టండి, బతికిస్తే చాలు అనుకున్నాను. అత్తయ్య మాట అప్పుడసలు గుర్తే లేదు. నైట్ డ్యూటీ సిస్టర్ లిఫ్ట్‌లో నా చెయ్యి వదల్లేదు. ఆవిడ పేరైనా అడగలేదు.

లీకు లేదు. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయకపోవడం వల్ల ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుందట. అవి విచ్చుకోవడానికి మూడు బంతులుండే డబ్బా గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీల్చమన్నారు. ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్ళు ఆ డబ్బాని ముందే అలవాటు చేసుకోండి. ఇక పేగు మళ్ళీ కదులుతోందనడానికి గుర్తుగా గ్యాస్ పోయిన రోజు మా ఆయన వార్డులోంచే వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పాడు, సిగ్గు లేకుండా.

అత్తయ్య సోమవారాలు ఉపవాసం ఉండబట్టే నేను బతికానని ఊరంతా చెబుతోంది. షుగర్ పెట్టుకుని ఉపవాసం ఉన్న మాట నిజమే. ఇప్పుడు ఆవిడ చారు పోస్తే తాగుతాను. అన్న మాట మాత్రం అన్నదే.

పేగు తీసేస్తే జబ్బు పోయినట్టు కాదు, అతుకు దగ్గరే మళ్ళీ మొదలవ్వొచ్చు. తిండిలోని బీ12 విటమిన్‌ని పీల్చుకునే ముక్క పోయింది కాబట్టి బీ12 ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాను. వచ్చే నెల పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ ఉంది. ముందురోజు తాగించే ఆ ఉప్పటి మందు నీళ్ళు తలుచుకుంటే ఇప్పట్నుంచే కడుపులో తిప్పుతోంది.