పంపకాల రిజిస్ట్రేషన్: పడని వేలిముద్ర

నిన్ననే పని పూర్తయింది. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. ఉద్దానంలో అన్నదమ్ముల ఉమ్మడి తోటలున్నవాళ్ళకి ఎక్కడైనా పనికొస్తుంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస వైపే తీరం దాటింది. తాతల నాటి కొబ్బరితోట పొద్దెక్కేసరికి నేలమీద ఉంది. తాత పోయాక భూమి పాస్‌బుక్ పెద్దకొడుకని నాన్న పేర ఎక్కింది కాబట్టి, చెట్ల నష్టపరిహారం కూడా నాన్న ఖాతాలోనే పడింది. ఆ డబ్బు నాన్న తినెయ్యలేదు. పడిపోయిన మొద్దులు తీయించాడు, కొత్త మొక్కలు వేయించాడు. కానీ ఆ లెక్క చిన్నాన్నకి చెప్పలేదు, చిన్నాన్నా నోరు తెరిచి అడగలేదు. కొన్నాళ్ళకి చిన్నాన్న విజయనగరంలో కూతురింటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి రాకపోకల్లేవు. చావులకొస్తే చెరో మూల నించునేవారు.

ఇద్దరూ అడగని మాటల్ని అటూ ఇటూ మోసినవాళ్ళు మా బంధువులు. "మీ అన్న మింగేశాడు" అని అక్కడ, "మీ తమ్ముడు కోర్టుకెళ్తాడట" అని ఇక్కడ. రిజిస్ట్రేషన్‌కి ఇద్దరు సాక్షులు కావాలి, రండి అంటే వాళ్ళలో ఒక్కరికీ తీరిక దొరకలేదు. పుల్లలు పెట్టడానికి మాత్రం పనులు మానుకుని వచ్చేవారు.

ఈ వేసవిలో చిన్నాన్న కూతురు, అదే మా చెల్లి, ఫోన్ చేసి, "నాన్నకి క్రియాటినిన్ పెరిగింది అన్నయ్యా" అంది. కిడ్నీ జబ్బుల ఊళ్ళు మావి, ఉద్దానం మనుషులకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే నాన్న తోటకెళ్ళి ఒక పనసపండు దింపించుకొచ్చి, "విజీనగరం ఎల్దాం, తయారవ్వు" అన్నాడు. కారు మాట్లాడతానంటే ఒప్పుకోలేదు. పలాసలో విశాఖ పాసింజర్ ఎక్కాం. నౌపడా, తిలారు, పొందూరు, చీపురుపల్లి... బండి ఆగినప్పుడల్లా పండుని కాళ్ళ మధ్యకి లాక్కునేవాడు. ఎక్కేవాళ్ళు తన్నేస్తారని భయం.

కలిసిన ఘట్టం గురించి రాయడానికేం లేదు. "ఏట్రా, ఇలాగైపోనావు?" "ఏటుందన్నా, వయసు." అంతే. చెల్లి పనసపండుని చూసి తల కొట్టుకుంది. పనసలోనూ కొబ్బరినీళ్ళలోనూ పొటాషియం ఎక్కువని డాక్టరు రెండూ ముట్టుకోవద్దన్నాడట. చిన్నాన్న ఆమె వంటింట్లోకి వెళ్ళాక ఒక్క తొన నోట్లో వేసుకుని, "నూతి పక్క చెట్టుదే కదా" అన్నాడు. నాన్న తలూపి, "నీ సగం నీ పేర రాసిచ్చీస్తాను" అన్నాడు.

ఇక ఆఫీసు పనులు. ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), 1బీ, అడంగల్ (భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అని చూపే రెవెన్యూ నకళ్ళు) తెచ్చుకోవడం, సర్వేయరుతో హద్దులు వేయించడం తేలిగ్గానే అయిపోయాయి. పంపకం కాగితం మీద పెట్టుకుంటే మాత్రం రిజిస్టర్ చేయించాల్సిందే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ అదే చెప్తుంది. తెల్లకాగితం మీద రాసుకుని బీరువాలో దాచుకున్నవాళ్ళ పిల్లలు తర్వాత ఏడుస్తున్నారు. డాక్యుమెంట్ రైటరు దగ్గర ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. మావాడు మాట్లాడుకున్నది ఒకటి, చివర్లో అడిగింది ఇంకొకటి.

చిన్నాన్న ఆరోగ్యం చూసి నేను అదే చట్టంలో 38వ సెక్షన్ ఎత్తాను. ఒంట్లో బాగోక ఆఫీసుకి రాలేనివాళ్ళ ఇంటికి అధికారే రావాలి, లేదా విచారణకి కమిషన్ వెయ్యాలి అని అందులో ఉంది. రైటరు నవ్వాడు. నేను ఫోన్‌లో సెక్షన్ తీసి చదివి వినిపించాక నవ్వలేదు. కానీ చిన్నాన్నే, "తోట చూసుకోవాల, నేనే వస్తాను" అని అల్లుడి కారులో దిగిపోయాడు.

అసలు కథ వేలిముద్ర దగ్గర మొదలైంది. ఆధార్‌తో సరిపోలితేగానీ పని ముందుకి కదలదు. నాన్న కుడిచేతి బొటనవేలు పెట్టాడు. ఎర్రలైటు. చూపుడువేలు పెట్టాడు. ఎర్రలైటు. "గట్టిగా నొక్కు తాతా" అన్నాడు కుర్చీలో కుర్రాడు. పది వేళ్ళూ అయ్యాయి. తడిగుడ్డతో తుడిచి పెట్టాడు, ఎవరో చెప్తే తలకి రాసుకుని పెట్టాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, కొబ్బరిపీచు వలిచి వలిచి వేళ్ళ కొసలు గాజుముక్కల్లా నున్నగా అయిపోయాయి. అక్కడ గీతలెక్కడ మిగుల్తాయి? వెనక లైన్లో జనం విసుక్కుంటున్నారు. కుర్రాడు మా వైపు తిరిగి, తలకూడా పూర్తిగా ఎత్తకుండా, "అసలీయన ఆయనేనా?" అన్నాడు.

నాన్న మొహం నేను చూడలేకపోయాను. 1990ల్లో ఊరూరా రాత్రిబళ్ళు నడిచిన రోజుల్లో, వేలిముద్రగాడు అనిపించుకోకూడదని పొలం నుంచి తిన్నగా పలక పట్టుకుని వెళ్ళిన మనిషి ఆయన. జేబులోంచి సొంత పెన్ను తీసి, "నాను సంతకం ఎడతాను బాబూ" అన్నాడు. "సంతకంతో పనేంటి, వేలు పడాలి" అన్నాడు కుర్రాడు. నాన్న పెన్ను క్యాప్ పెట్టేసుకున్నాడు.

అప్పుడు బెంచీ మీంచి చిన్నాన్న లేచాడు. "ఆయన మా అన్న. నాను పుట్టిన కాణ్ణించి ఎరిగున్న మనిషి. ఇంకేటి కావాల నీకు?" అన్నాడు. గొంతు వణికింది గానీ ఆఫీసంతా వినబడింది. కుర్రాడు, "ఆధార్ అప్‌డేట్ చేయించుకుని రండి" అని తర్వాతి నంబరు పిలిచాడు.

ఆధార్ సెంటర్లో క్యూ, తర్వాత అప్‌డేట్ అయ్యేదాకా ఎదురుచూపు. చిన్నాన్నని తిప్పి పంపడం ఎందుకని మా ఇంట్లోనే ఉండిపొమ్మన్నాం. ఆ రోజుల్లో ఒక సాయంత్రం నాన్న పాత నోటుబుక్కు తెచ్చి అరుగుమీద పెట్టాడు. పెద్ద పెద్ద అక్షరాలతో మొద్దులు కోసిన కూలీ, మొక్కల ఖరీదు, ట్రాక్టరు బాడుగ, అన్నీ రాసుకున్నాడు. చిన్నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని చివరిదాకా చూసి, "కూడిక తప్పింది, నీ చేతి డబ్బులే ఎక్కువ పడ్డాయి" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ నూతి దగ్గర గట్టు ఎవరి వైపు పోవాలని పోట్లాడుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి రోజే పనైపోయుంటే చిన్నాన్న ఆ సాయంత్రమే కారెక్కేసేవాడు, నిజమే. అలాగని ఆ ఆఫీసుకి దండం పెట్టమంటే పెట్టను.

ఎందుకంటే అప్‌డేట్ అయ్యాక మళ్ళీ వెళ్తే మళ్ళీ ఎర్రలైటే. ఈసారి పక్క బల్ల దగ్గరున్న పెద్దావిడ లేచి వచ్చి, అదే కుర్రాడి సొరుగు లాగి, కనుపాప చూసే మిషను బయటికి తీసింది. నాన్న కళ్ళు పెట్టాడు, పచ్చలైటు. అది మొదటిరోజు కూడా ఆ సొరుగులోనే ఉందట! పింఛనుకి ఒకటో తారీకున ఇంటికొచ్చే సచివాలయం అమ్మాయి వేలు పడకపోతే ముఖం ఫొటో తీసి డబ్బులు చేతిలో పెడుతుంది. ఆమెకున్న ఇంగితం ఇక్కడ ఎందుకు లేదు?

ముసలివాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ముందుగా కనుపాప మిషను ఉందా అని గట్టిగా అడగండి. లేదంటే సొరుగు తీసి చూపించమనండి. నా మాట విని మధ్యాహ్నం భోజనాల వేళకి మాత్రం వెళ్ళకండి.

చిన్నాన్న ఇవాళ పొద్దున్న విజయనగరం వెళ్ళాడు. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) ఇంకా కనబడలేదు, నిన్నట్నుంచీ ఆన్‌లైన్‌లో చూస్తున్నాను. రైటరు ఎక్కువ డబ్బుల కోసం ఫోన్లు చేస్తున్నాడు. ఎత్తడంలేదు.