దేనారియస్ మీది దేవతలు

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండ బౌద్ధారామం తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయని తెలిసినప్పటి నుంచి, ఆ నాణేల మీది దేవతల గురించి ఆసక్తిగా చదువుతున్నాను. చదివే కొద్దీ ఒక అభిప్రాయం బలపడింది. ఏ దేవతను ముద్రించారో చూస్తే, ఆనాడు రోమ్‌లో పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది.

క్రీ.పూ. 211 ప్రాంతంలో, రోమ్‌కు శత్రువైన కార్తేజ్ సేనాని హానిబల్‌తో యుద్ధం సాగుతుండగా దేనారియస్ అనే వెండి నాణెం పుట్టింది. దాని బరువు సుమారు 4.5 గ్రాములు, వెడల్పు దాదాపు మన పాత పావలా అంత. ముందువైపు రెక్కల శిరస్త్రాణం ధరించిన రోమా దేవత ముఖం, ఆమె తల వెనుక పది కంచు నాణేల విలువను తెలిపే రోమన్ అంకె ఉంటాయి. వెనుకవైపు కాస్టర్, పోలక్స్ అనే కవల దేవతలు బల్లేలు పట్టి గుర్రాల మీద దూసుకుపోతుంటారు. ఒక్కొక్కరి తలపైన ఒక్కొక్క నక్షత్రం. ఈ జంటను చూస్తే మనకు అశ్వినీ దేవతలు గుర్తుకు రాక మానరు. వీరు ఏ ఒక్క కుటుంబానికో కాక, నగరమంతటికీ రక్షకులు.

తరువాతి కాలంలో నాణేల ముద్రణ చూసే అధికారులు తమ వంశాల ప్రతిష్ఠను చాటే బొమ్మలను ఎంచుకోసాగారు. ఈ ధోరణిని జూలియస్ సీజర్ పతాకస్థాయికి తీసుకువెళ్లాడు. క్రీ.పూ. 47-46 నాటి అతని దేనారియస్ నాకు అన్నిటికన్నా ప్రియమైనది. ఒకవైపు వీనస్ దేవత శిరస్సు; రెండోవైపు ట్రాయ్ నగరాన్ని విడిచి వస్తున్న ఈనియస్, ఎడమ భుజం మీద ముసలి తండ్రి ఆంకైసిస్, చాచిన కుడిచేతిలో ఎథీనా దేవత చిన్న ప్రతిమ. ఈనియస్ వీనస్ కుమారుడని పురాణగాథ, అతని సంతతి తామేనని జూలియస్ వంశీయుల వాదన. సీజర్ ముఖం ఇందులో ఎక్కడా లేదు, పేరు మాత్రమే ఉంది. అయినా ఆ దేవత ఎవరి ఇలవేల్పో చూసినవారికి అర్థమవుతుంది. క్రీ.పూ. 44లో అతని ముఖమే నాణెం ముందువైపుకు వచ్చింది, వీనస్ వెనుకవైపుకు వెళ్లింది.

మన దేశంలో ఎక్కువగా దొరికే దేనారియస్‌లు ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లి నిధిలోనే పదిహేను వందలకు పైగా వెండి నాణేలు లభించాయి. టైబీరియస్ నాణెం వెనుకవైపు ఆసనం మీద కూర్చున్న స్త్రీ ఒక చేత రాజదండం, మరొక చేత ఆలివ్ కొమ్మ పట్టుకుని ఉంటుంది. ఆమె శాంతిదేవత అని కొందరు, ఆ దేవత రూపంలో ఉన్న చక్రవర్తి తల్లి లివియా అని మరికొందరు పండితులు అంటారు. ఆమె చుట్టూ చెక్కిన అక్షరాలు మాత్రం చక్రవర్తి ప్రధాన పూజారి హోదాను ప్రకటిస్తాయి.